తేదీ లేకపోతే 'ఇప్పుడే'

సాయంత్రం ఏడు. సన్నగా తుంపర.

పెద్దమ్మాయి హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుని యాప్ రాస్తోంది. మనిషి గడప దాటి లోపలికి రాగానే ఇంట్లోవాళ్లకి 'ఇంటికి చేరారు' అని చెప్పే యాప్. పని చేస్తుందో లేదో చూడ్డానికి మా అందరి ఫోన్లలోనూ పెట్టింది.

"ఫోన్‌కి టైమంటే ఒట్టి అంకెలమ్మా. వాటిని 'ఇప్పుడే', 'గంట క్రితం', 'నిన్న' అని నీలాంటివాళ్లు చదివేలా మార్చాలి."

"నాలాంటివాళ్లంటే?"

"మనుషులు."

చిన్నది పుస్తకంలోంచి తలెత్తి కిసుక్కున నవ్వింది.

నేను వంటగదిలోకి వెళ్లాను. ఫోన్ టింగుమంది. 'నాన్న ఇంటికి చేరారు. ఇప్పుడే.'

వెనకాల నడవాలో అడుగులు. మెల్లగా, తడితడిగా. బాత్రూం తలుపు పడింది. నీళ్లు వదిలిన చప్పుడు.

"ఏమండీ, బాగా తడిశారా?"

పలకలేదు. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు, వచ్చారంటే ముందు గ్రీజు వాసన వస్తుంది. ఇది అది కాదు. చాలాకాలం మూసిన గదిలో నానిన గోడ వాసన... వానేమో అనుకున్నాను.

ఫోన్ మోగింది. ఆయనే.

"లిఫ్టులో ఇద్దరు ఇరుక్కుపోయారే. ఇప్పటికి బయటికి తీశాం. బయల్దేరుతున్నా."

బాత్రూంలో నీళ్లు పడుతూనే ఉన్నాయి.

హాల్లోకి వచ్చి ఫోన్ పెద్దదాని ముందు పెట్టాను. "నాన్న వచ్చారని దీనికెవరు చెప్పారు?"

దాని మొహం పాలిపోయింది. "మనిషి వచ్చిన తేదీ, టైము అందకపోతే అక్కడ ఖాళీ వస్తుందమ్మా. చూడ్డానికి బాలేదన్నాడు మా ఆఫీసు మేనేజరు. అందుకని... తేదీ లేకపోతే 'ఇప్పుడే' అని చూపించమని రాశా."

"రాని మనిషిని వచ్చాడని రాశావా?"

"ఈ ఒక్క రోజుకేనమ్మా..."

ఒళ్లు మండిపోయింది. "ఎదురుచూసేవాళ్లకి కావలసింది అందమా? ఆ మేనేజరు కోసం ఎవరూ ఎదురుచూడరా?" గొంతు పైకి లేవలేదు. లేపడానికి భయం. ఇప్పటికీ తలుచుకుంటే వణుకు కన్నా ముందు ఆ కోపమే వస్తుంది.

"అమ్మా," చిన్నది నా చెయ్యి పట్టుకుని గుసగుసలాడింది. "మరి బాత్రూంలో ఎవరు?"

నీళ్లు ఆగాయి.

గడియ కదిలింది...

పెద్దది ఆ లైను తీసేసింది. నా ఫోన్లో 'నాన్న' పక్కన ఖాళీ వచ్చింది. బాత్రూం తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. నేల పొడిగా ఉంది.

"తీసేశానమ్మా."

"ఫోన్లోంచి తీశావు. ఇంట్లోంచి?"

ముగ్గురం ఒకే సోఫాలో ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నాం.

ఆయన వచ్చారు. ఫోన్ 'ఇప్పుడే' అంది. నమ్మలేదు. లేచి వెళ్లి చొక్కా కాలరు పట్టుకుని వాసన చూశాను. గ్రీజు.

"ఏంటే, పోలీసు కుక్కలాగ," అని నవ్వారాయన. మా మొహాలు చూసి ఆపేశారు.

లెక్కపెట్టాను. ఆయన. పెద్దది. చిన్నది. నేను. నలుగురం. నలుగురమూ హాల్లోనే ఉన్నాం.

పడకగదిలో ఎవరో లైటు ఆర్పారు.