డ్రమ్ముల మీద పారాణి

గుడివాడలో కోచింగ్ సెంటర్ బోర్డు వెనక గదిలో చీఫ్ దేవసహాయం బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

“బందరు తీరానికి అవతల ఆయిల్ ప్లాట్‌ఫాం. నూనెతో పాటు పైకొచ్చే ఉప్పునీళ్ళ వల్ల పైపుల్లో సున్నం గడ్డకడుతుంది. అది పట్టకుండా పోసే కెమికల్ డ్రమ్ముల్లో కొన్నిట్లో విదేశీ ముఠా కాస్టిక్ సోడా నింపింది. అది పడితే సున్నం ఇంకా గడ్డకట్టి సేఫ్టీ వాల్వ్ బిగుసుకుపోతుంది. తర్వాత ఒక్క నిప్పురవ్వ చాలు.”

“డ్రమ్ములన్నీ పక్కన పెట్టేస్తే?” అన్నాడు ఏజెంట్ వేదవ్యాస్.

“అసలు మందు ఆగినా సున్నమే పడుతుందయ్యా! నకిలీవేవో పట్టుకో.”

ఈసారి మారువేషం వంటవాడిది. కెమికల్‌ని పసిగట్టే వాచీ ఒకటి ఇచ్చారు. బోటు దివిసీమ దాటేసరికే ఉప్పుగాలికి అది చచ్చింది. హెడ్డాఫీసు సరుకంటే అతనికి మొదటినుంచీ అంతే గౌరవం.

ప్లాట్‌ఫాం మీద నల్లకళ్ళద్దాలతో మేఘన ఎదురైంది. ముఠాకీ మనకీ కూడా పనిచేసే ఘటం.

“దివిసీమ అరటికి తీపి తగ్గిందట?” అన్నాడు వేదవ్యాస్.

“పులుపు పెరిగిందండీ.” కోడ్ కుదరగానే ఆమె గొంతు తగ్గించింది. “చీఫ్ కెమిస్ట్ సోమేశ్వరరావు వాళ్ళ మనిషే. నకిలీవేవో నాకు చెప్పలేదు. మా తమ్ముడు చిన్నబాబు ఇక్కడే డ్యూటీలో ఉన్నాడండీ. వాణ్ణి కాపాడండి.”

దేశం గుర్తు రావడానికి తమ్ముడు కావలసి వచ్చాడన్నమాట, అనుకున్నాడు వేదవ్యాస్.

పంపు గదిలో సోమేశ్వరరావు పూజ ముగిస్తున్నాడు. కొబ్బరికాయ కొట్టాడు. డ్రమ్ము మూతలన్నిటికీ తడి పసుపు పూశాడు. హారతికి మాత్రం సేఫ్టీ ఆఫీసరు ఒప్పుకోలేదట. ద్రోహం కూడా ముహూర్తం చూసి మొదలుపెట్టే రకం! ఇక స్విచ్ వేసి హెలికాప్టర్ ఎక్కడమే మిగిలింది.

వేదవ్యాస్ చూపు మూతల మీద ఆగింది. చాలావాటి మీద పసుపు పచ్చగానే ఉంది. నాలుగిటి మీద మాత్రం ఎర్రబడింది. పసుపులో సున్నం కలిస్తే పారాణి అవుతుందని ప్రతి పెళ్ళింట్లోనూ తెలుసు. కాస్టిక్ కలిసినా అంతే. దేశాన్ని కూల్చడానికి వచ్చిన ముఠాకి మూత బిగించడం చేతకాలేదు! పంపు గొట్టం ఆ నాలుగిట్లో ఒకదానిలోనే ఉంది.

“సోమేశ్వరరావు గారూ, డ్రమ్ములకి పారాణి పూశారేంటండీ?”

“పారాణేంటయ్యా, పసుపే...” అంటూ వంగి చూశాడు. మొహం పాలిపోయింది. చెయ్యి స్విచ్ మీదకి వెళ్ళింది.

మోటారు గుర్రుమంది. వెనకే వచ్చిన మేఘన ఒక్క ఉదుటున గొట్టం పీకేసింది. ఖరీదైన చెప్పులు కాస్టిక్‌లో తడిసినా ఆమె పట్టించుకోలేదు. వేదవ్యాస్ గరిటె సోమేశ్వరరావు మణికట్టు మీద పడింది. వేదవ్యాస్ రెండో చేత్తో స్విచ్ ఆపేశాడు. మోటారు ఆగిపోయింది.

బేడీలు పడ్డాక పెద్దమనిషి గొణిగాడు. “దివ్యమైన ముహూర్తం అన్నారే!”

“దివ్యమైనదేనండీ,” అన్నాడు వేదవ్యాస్ కొబ్బరిచిప్ప అందుకుంటూ. “మాకు.”