ఐస్ ఫ్యాక్టరీ సందులో రొప్పు

మూతబడ్డ ఐస్ ఫ్యాక్టరీ వెనక సందులోకి తెల్లవారకముందు ఎవరూ వెళ్ళరు. కుక్కలు కూడా ఆ మలుపు దాకా వచ్చి, ఓసారి మొరిగి, తోక ముడుచుకుని వెనక్కి పోతాయంటారు.

ఒక పక్క ఫ్యాక్టరీ గోడ — పొడుగ్గా, ఎత్తుగా, నాచు పట్టి. ఇంకో పక్క గోడౌను తాలూకు రేకుల దడి. మధ్యలో సన్నటి దారి. వెనకటికి ఆ ఫ్యాక్టరీలో అమ్మోనియా గొట్టం పగిలిందట. అందరూ దొరికిన దారిన పరిగెత్తారు. ఒక పనివాడు మాత్రం ఆ ఘాటుకి కళ్ళు కనపడక, ఈ సందులోకి వచ్చి గోడ పట్టుకుని కూలబడ్డాడట. పక్కనుంచి పారిపోతున్న వాళ్ళని పిలిచాడట. ఎవరి ప్రాణం వాళ్ళకి తీపి. ఒక్కరూ ఆగలేదు.

అప్పట్నుంచీ చీకట్లో ఆ దారిన వెళ్తే... వెనక రొప్పు వినిపిస్తుందంటారు. ముందు దూరంగా. తర్వాత దగ్గరగా. ఆ తర్వాత — మెడ మీద. వెనక్కి తిరిగి చూశారో, ఇక అంతే సంగతులు.

కటింగ్ మాస్టరు చెవిన కూడా ఈ మాట పడింది. అయినా ఆయన ఏరి కోరి ఆ సందే ఎంచుకున్నాడు. భయం లేక కాదు, సిగ్గు ఎక్కువై.

స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో ఆయన పని. పొద్దస్తమానం బల్ల ముందు నిలబడి గుడ్డ కత్తిరించడమే తప్ప కాలు కదిపింది లేదు. ఊళ్ళో పిల్లల నడుములన్నీ కొలిచినవాడికి తన నడుం ఎప్పుడు చేజారిపోయిందో తెలియలేదు. మెట్లెక్కుతుంటే కళ్ళు తిరిగి పడబోయాక గానీ డాక్టరు దగ్గరికి పోలేదు.

"నడవండి," అన్నాడు డాక్టరు. "కొంచెమే నడవండి, కానీ రోజూ నడవండి. మొదటి రోజే ఊరు చుట్టొచ్చి, రెండో రోజు మంచమెక్కేవాళ్ళని చాలామందిని చూశాను."

ఇంట్లో ఎవరూ నమ్మలేదు. మాస్టరు పేరుమోసిన ఆరంభశూరుడు మరి. ఆయన కొన్న డంబెల్స్ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవడానికి పనికొస్తున్నాయి.

అందరికంటే ఎక్కువ నవ్వింది బావమరిది. కింది వాటాలోనే కాపురం. ఒకప్పుడు లోడింగ్ ఆఫీసులో సామాన్లు మోస్తూ, ఫ్రిజ్జుని వీపున కట్టుకుని మూడంతస్తులు ఎక్కించిన మనిషి. ఇప్పుడు అదే ఆఫీసులో కుర్చీకి అతుక్కుపోయి, సిగరెట్టు మీద సిగరెట్టు కాలుస్తూ, మోసేవాళ్ళని అదిలిస్తుంటాడు.

మొదటి రోజు మాస్టరు బూట్లేసుకుని వీధిలోకి దిగాడో లేదో, గుమ్మంలోంచి వాడి కేక —

"అక్కా! గోడలు పట్టుకో. బావ నడుస్తున్నాడు!"

వీధంతా నవ్వింది. ఇస్త్రీ చేసుకునేవాడు పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వాడు.

ఆ రాత్రి మాస్టరు నిద్రపోలేదు. మర్నాడు తెల్లవారకముందే, అడుగుల చప్పుడు కూడా కాకుండా మెట్లు దిగి, బయట బూట్లు కట్టుకుని, ఎవరూ చూడని చోటుకి — ఆ సందుకి — వెళ్ళాడు.

సగం దారిలో వినిపించింది.

హా... హా... హా...

వెనకే. ఎవరో ఊపిరి అందక కొట్టుకుంటున్నట్టు. మాస్టరు పరిగెత్తాడు. అదీ పరిగెత్తింది. ఇల్లు చేరేసరికి చొక్కా పిండితే బకెట్టు నిండేలా ఉంది.

ఇక వెళ్ళడనే అనుకోవాలి ఎవరైనా. కానీ పొద్దున్నే కింద బావమరిది, "ఏం బావా, అయిపోయిందా ముచ్చట?" అన్నాడు. ఆ ఒక్క మాటకి మాస్టరు మర్నాడు మళ్ళీ వెళ్ళాడు.

మళ్ళీ వినిపించింది. ఈసారి పరిగెత్తడానికి కాళ్ళలో సత్తువ లేదు. గోడకి ఆనుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఊపిరి బిగబట్టాడు.

రొప్పు ఆగిపోయింది.

ఊపిరి వదిలాడు. మళ్ళీ మొదలైంది.

అప్పుడు వెలిగింది ఆయనకి. అది తన రొప్పే! గోడకి తగిలి, రేకులకి తగిలి, తిరిగి తన వీపుకే వస్తోంది. చీకట్లో ఒక్కడే పిచ్చివాడిలా నవ్వుకున్నాడు. కానీ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్తే నలుగురూ వస్తారు. నలుగురొస్తే నవ్వుతారు. దెయ్యం ఉన్నన్నాళ్ళూ దారి తనదే.

అలా అలవాటు పడ్డాడు. మొదట్లో ఈ కరెంటు స్తంభం దాకా చాలనుకునేవాడు. తర్వాత ఆ పై స్తంభం దాకా. పిక్కలు రాళ్ళలా బిగుసుకుపోయిన రోజులున్నాయి, దుప్పటి వదలబుద్ధి కాని రోజులున్నాయి. ఆ బద్ధకం తెలిసే, నడిచే బట్టల్లోనే పడుకునేవాడు — లేచాక వంక దొరక్కుండా. వాన పడితే గొడుగేసుకుని వెళ్ళాడు. నెలలు తిరిగేసరికి తన పాంట్లు తనే విప్పి నడుం దగ్గర బిగించి కుట్టుకోవాల్సొచ్చింది.

సందులో రొప్పు కూడా తగ్గుతూ తగ్గుతూ... ఒకనాటికి పూర్తిగా పోయింది. ఎంత జోరుగా నడిచినా గోడ నోరెత్తడం లేదు.

బావమరిది నవ్వడం మానేశాడు. మెట్ల మీద ఎదురైతే తలొంచుకుని పక్కకి తప్పుకునేవాడు. అది చూసి మాస్టరుకి లోపల్లోపల పండగ్గా ఉండేది.

ఇలా ఉండగా ఒక రోజు — మబ్బు కమ్మి, చెయ్యి చాస్తే చెయ్యి కనపడని చీకటి — మాస్టరు గోడ సగం దాటాడు.

హా... హా...

ఒళ్ళు జల్లుమంది. తన ఊపిరి హాయిగా ఆడుతోంది. మరి ఇదెక్కడిది?

ఊపిరి బిగబట్టాడు.

హా... హా... హా...

ఆగలేదు. పైగా దగ్గరికొస్తోంది. ఇన్నాళ్ళూ తన ఊపిరే అనుకుని దీంతో ఆటలాడానా... అనుకున్నాడు. వెనక్కి చూడకూడదు. చూడకూడదు...

"బావా..."

మాస్టరు గుండె మీంచి బండ దిగినట్టయింది. ఆ గొంతు ఎరగనిదా! బావమరిది!

"బావా... ఆగు..."

భయం పోయిన చోట మంట పుట్టింది. ఓహో. దొంగలా వెనకాలే వచ్చి, దెయ్యంలా రొప్పి, నన్ను పరిగెత్తించి, పొద్దున్నే వీధిలో చెప్పుకుని నవ్వుదామని! దొరికావురా.

"దమ్ముంటే పట్టుకో!" అని, మెడ తిప్పకుండానే అడుగు జోరు పెంచాడు.

వెనక బూట్లు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వచ్చాయి. ఆ తర్వాత ఇసక బస్తా జారినట్టు మెత్తటి చప్పుడు.

"బా..."

అదీ వినిపించింది మాస్టరుకి. స్పష్టంగా వినిపించింది. 'ఏం నటిస్తున్నాడ్రా!' అనుకున్నాడు. మలుపు తిరిగాడు. అన్ని నెలల్లో అంత తేలిగ్గా ఎప్పుడూ నడవలేదు.

ఇంటికొచ్చి పెళ్ళాంతో చెప్పుకుని పడీపడీ నవ్వాడు. "మీ తమ్ముడు నన్ను జడిపిద్దామని వచ్చాడే! సందులో చతికిలబడి బావా బావా అని ఒకటే పిలుపు. నేనాగుతానా?"

ఆవిడా నవ్వింది. "పాపం వాడు. ఆగాల్సింది."

"రానీ, డేక్కుంటూ వస్తాడు."

స్నానం అయింది. టీ తాగడం అయింది. షాపుకి బయల్దేరబోతుంటే బావమరిది భార్య పైకొచ్చి గుమ్మంలో నిలబడింది.

"అన్నయ్యా, ఆయన మీతో రాలేదా?"

"ఎందుకమ్మా?"

"మీ వెనకాలే వచ్చారుగా! నిన్ననే బూట్లు కొనుక్కున్నారు. 'బావని చూస్తే సిగ్గేస్తోందే, ఆ వయసులో ఆయన మారాడు, నేనూ మారాలి' అన్నారు. మీకు చెప్పొద్దన్నారు, నవ్వుతారని. మీతో సమానంగా నడవగలిగాక తనే చెప్తానన్నారు..."

మాస్టరు మెట్లు ఎలా దిగాడో ఆయనకే తెలియదు.

బావమరిది గోడ పక్కన బోర్లా పడి ఉన్నాడు. ఒక చెయ్యి ముందుకి, మలుపు వైపు చాచి. కొత్త బూట్ల అడుగున ఇంకా మట్టి కూడా సరిగ్గా అంటలేదు.

ఆస్పత్రిలో డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "మొదటి రోజే ఇంత జోరుగా నడవకూడదు. గుండె తట్టుకోలేదు. పడ్డ వెంటనే ఎవరైనా చూసి తెచ్చుంటే బతికేవాడేమో. అప్పుడు పక్కన ఎవరూ లేరా?"



సాయంత్రం కింది వాటా జనంతో నిండిపోయింది. బావమరిది భార్య ఏడ్చి ఏడ్చి, ఉన్నట్టుండి తలెత్తింది.

"అన్నయ్యా... మీ వెనకాలే కదా ఉన్నారు. ఆయన మిమ్మల్ని పిలవలేదా?"



"లేదమ్మా," అన్నాడు మాస్టరు. "వట్టి రొప్పు వినబడింది. ఆ సందు సంగతి నీకు తెలియందా... దెయ్యం అనుకున్నాను. వెనక్కి చూడకుండా వచ్చేశాను."

"నిజమే, ఎవరైనా అదే చేస్తారు," అంది ఒకావిడ. "ఆ పాడు సందు ఇంకో మనిషిని మింగింది," అన్నాడు ఇంకొకాయన. పక్కనున్న పెద్దాయన మాస్టరు భుజం తట్టాడు.

తమ్ముడి తల దగ్గర కూర్చున్న మాస్టరు భార్య నెమ్మదిగా ముఖం ఎత్తింది. మొగుడి వంక చూసింది. చాలాసేపు చూసింది.

ఆ తర్వాత మాస్టరు నడక మానేశాడు. ఇంట్లో మాటలు కూడా మానేశారు. భార్య అన్నం పెట్టేది, నీళ్ళు పెట్టేది, అంతే.

ఒక రోజు ఇంకా చీకటి ఉండగానే ఎవరో తట్టి లేపారు. కళ్ళు తెరిస్తే పక్కన ఆవిడ. చేతిలో ఆయన బూట్లు.

"లేవండి. నడకకి వెళ్ళాలి."

"నావల్ల కాదే..."

"అవుతుంది. రోజూ వెళ్ళాలి. ఒక్క రోజు మానినా, ఆవేళ నవ్వుతూ వచ్చి నాతో ఏం చెప్పారో కిందకెళ్ళి మా మరదలికి చెప్తాను."

మాస్టరు లేసులు కట్టుకున్నాడు. ఆవిడ వీధి తలుపు దాకా దిగి వచ్చింది. ఆయన మెయిన్ రోడ్డు వైపు తిరగబోయాడు.

"అటు కాదు."

"ఇంకెటు వెళ్ళమన్నా వెళ్తాను. అక్కడికి మాత్రం..."

"అక్కడికే," అంది ఆవిడ, తలుపు మూయబోతూ. "పిలిస్తే... ఈసారి ఆగండి."