అవతలి గట్టు

ఆదివారం పొద్దున వరుస గదుల ఆ చాల్‌లో అందరికంటే ముందు లేచేది దర్శన. మూడో అంతస్తు గ్యాలరీలో పడుకున్నవాళ్ళ కాళ్ళు తొక్కకుండా, చెప్పులు చేత పట్టుకుని మెట్లు దిగేది. భుజాన నల్ల సంచి, అందులో కెమెరా. బ్రిడ్జ్ కెమెరా అంటారు దాన్ని. లెన్సులు మార్చే పని లేదు. ముందున్న గొట్టమే బయటికి సాగుతూ పోతుంది. అది సాగేకొద్దీ చెరువు అవతలున్న పిట్ట కంటి రంగు కూడా తెలుస్తుంది. వారమంతా దర్శన గ్రాంట్ రోడ్ దగ్గర ఒక పళ్ళ డాక్టరు క్లినిక్కులో కూర్చుని, దవడ పట్టుకుని వచ్చే మనుషులను చూసేది. ఆదివారం ఒక్కరోజు పిట్టలను చూసేది.

ఆమెకు ముప్పై దాటాయి. పెళ్ళి జరిగింది, తెగిపోయింది, మళ్ళీ కామాటిపురాలోని పుట్టింటి గదికే వచ్చి పడింది. గదిలో తల్లి రత్నాబాయి, తమ్ముడు విక్కీ. వాళ్ళ ముత్తాత పాలమూరు నుంచి రాళ్ళ పనికి వచ్చినవాడు. ఆయనతో వచ్చిన తెలుగు ఇప్పుడు రత్నాబాయి నోట్లోనే మిగిలింది. దర్శన సగం సగం మాట్లాడేది. విక్కీకైతే అదీ లేదు. తల్లి తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేవాడు, అక్కను మరాఠీలో "తాయీ" అని పిలిచేవాడు. ఈమధ్య తల్లికి ఆ జవాబు కూడా లేదు. సాక్షి అనే అమ్మాయితో వేరే గది తీసుకుని ఉంటానని అతను చెప్పిన నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. రత్నాబాయి కంచం పెట్టి గోడవైపు తిరిగి కూర్చునేది. అతను ఆ కంచం ముట్టకుండా బయటికి పోయేవాడు.

ఆ ఆదివారం విక్కీ కూడా అక్క వెంట బయల్దేరాడు. విరార్ వైపు ఏదో గది చూడాలట, దారిలో చెరువు కూడా చూస్తానన్నాడు. బోరివలిలో బండి మారి, విరార్‌లో దిగి ఆటో ఎక్కారు. సగం కట్టిన టవర్ల వెనక, మట్టికుప్పల మధ్య ఉంది ఆ చెరువు. ఇంకా బాగా తెల్లవారలేదు. నీళ్ళ మీద పొగమంచు పాల మీగడలా పరుచుకుని ఉంది. కుళ్ళిన తూడు వాసన, తడి సిమెంటు వాసన కలిసి వస్తున్నాయి. ఎక్కడో నీటికాకి ఒకటి రెక్కలు విదిలించిన చప్పుడు. దగ్గరలో బుడబుంగ పిట్ట బుడుక్కున మునిగి, ఇంకోచోట తేలింది.

దర్శనకు చాలా రోజులుగా ఒక ఫొటో కావాలి. ఈల వేసినట్టు కూసే బాతుల గుంపు ఒకటి అవతలి గట్టు తుంగలో ఉంటుంది. అది ఒక్కసారిగా మంచులోంచి పైకి లేచే క్షణం కావాలి. ఆమె చిన్నపిల్లలా ఆశపడుతూ తమ్ముడికి ఆ మాట చెప్పింది.

"తాయీ, తయార్ రాహా. మీ ఉడవతో," అన్నాడు విక్కీ. నువ్వు సిద్ధంగా ఉండు, నేను లేపుతానని. ఎర్ర టీషర్టు పైకి లాక్కుని, నవ్వుతూ గట్టు పట్టుకుని నడిచి వెళ్ళాడు. మంచు మొదట అతని కాళ్ళను, తర్వాత నడుమును, ఆ తర్వాత మొత్తంగా అతన్ని మింగేసింది.

దర్శన రాయి మీద మోచేతులు ఆనించి, కెమెరా కన్నంలో కన్ను పెట్టింది. జూమ్ పూర్తిగా సాగదీసింది. అవతలి గట్టు దగ్గరికి వచ్చింది. తుంగ పోచల మీద నీటి బొట్లు. ఒక తెల్లకొంగ. ఎర్ర టీషర్టు.

విక్కీ ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

గట్టు కింద, నడుములోతు నీళ్ళలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఆకుపచ్చ చీర, నూనె రాసి బిగించి దువ్విన తల. ముక్కుకు రెండువైపులా పుల్లలు. టవర్ల దగ్గర పనిచేసే మనిషి, బట్టలు ఉతకడానికి దిగిందేమో అనుకుంది దర్శన. ఆమె చెయ్యి చాచింది. కాలు జారిన మనిషి ఊత అడిగినట్టు. విక్కీ చెప్పులు విడిచి, వంగి, చెయ్యి అందించాడు.

బాతులు లేచాయి.

గుంపుగా, ఈలలు వేస్తూ, మంచును చీల్చుకుంటూ... దర్శన వేలు దానంతటదే బటన్ నొక్కింది. కెమెరా టకటకటక తీస్తూ పోయింది. రెక్కలు తప్పుకున్నాక చూస్తే విక్కీ నీళ్ళలో ఉన్నాడు. మెడ దాకా. ఆ మనిషి చెయ్యి అతని జుట్టులో ఉంది.

"విక్కీ!"

కేక మంచులోకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. కెమెరాలోంచి అతని ముఖం ఎంత దగ్గరగా ఉందంటే, చెయ్యి చాస్తే తగిలేటట్టు ఉంది. కనురెప్పల మీది నీళ్ళు కనబడుతున్నాయి. పెదవి పగులు కనబడుతోంది. నోరు తెరుచుకుంది, మూసుకుంది. మాట వినబడలేదు. కానీ ఆ పెదవుల ఆకారం ఆమెకు తెలుసు.

తా... యీ...

కన్ను తీసి చూసింది. ఎదురుగా చెరువు. తెల్లటి మంచు. అవతలి గట్టు గీత గీసినట్టు ఉంది, అంతే. మనిషి లేడు, అలికిడి లేదు. మళ్ళీ కన్ను పెట్టింది. నీళ్ళు అతని ముక్కు దాకా వచ్చాయి, వేలు మళ్ళీ బటన్ నొక్కింది. కళ్ళు ఇటే చూస్తున్నాయి. తననే.

భుజం మీద ఒక చెయ్యి పడింది.

"అక్కా."

చెయ్యి చల్లగా ఉంది. దర్శన తిరిగి చూసింది. విక్కీ. అదే ఎర్ర టీషర్టు, పొడిగా ఉంది. జుట్టు మాత్రం తడి. కాళ్ళకు చెప్పుల్లేవు.

"ఇంటికి పోదామక్కా," అన్నాడు. తెలుగులో.

"చెప్పులేవిరా?"

"ఆడనే ఉన్నయి."

దర్శన అవతలి గట్టు వైపు తిరిగింది. ఇంకొక్కసారి... ఒక్కసారి కెమెరా ఎత్తింది. అక్కడ ఇప్పుడు బుడగలే ఉన్నాయి. ఆ ఆడమనిషి ఒక్కతే నిలబడి ఉంది. నేరుగా ఇటువైపే చూసి, ఫొటోకు నిలబడే మనిషిలాగా కొంగు సర్దుకుంది.

అవతలికి పరుగెత్తాలని దర్శన రెండడుగులు వేసింది. తమ్ముడు ఆమె చున్నీ కొస పట్టుకున్నాడు. గట్టిగా కూడా కాదు, తప్పిపోతానేమోనని భయపడే పిల్లవాడిలా. "పోకక్కా... నాకు ఆకలైతుంది," అన్నాడు. ఆమె నిలబడిపోయింది. తమ్ముడు పక్కనే ఉన్నాడు కదా, అని తనకు తాను చెప్పుకుంది. ముట్టుకుంటే తగులుతున్నాడు కదా. చేతిలో ఉన్న మనిషిని వదిలి గాజులో కనబడే మనిషి కోసం ఎవరు పరుగెత్తుతారు? అలా చెప్పుకుంటూ ఆటో దాకా నడిచింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆగలేనని ఆమెకు తెలుసు.

లోకల్ బండిలో ఖాళీ సీటు ఉన్నా అతను కింద, ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. దారి పొడుగునా చున్నీ కొస వదలలేదు.

గదిలోకి అడుగుపెట్టగానే "అమ్మా, అన్నం పెట్టు" అన్నాడు.

రత్నాబాయి చేతిలోని గరిటె ఆగిపోయింది. కొడుకు నోట అమ్మా అనే మాట విని ఎన్ని నెలలైందో. వేడన్నంలో పప్పు కలిపి కంచం ముందు పెట్టింది. అతను కంచం వైపు చూశాడు, చెయ్యి పెట్టలేదు. నోరు తెరిచాడు. ఆమె ముద్ద చేసి పెట్టింది. ఇంకో ముద్ద. అతను నములుతూ ఆమె మోకాలికి తల ఆనించాడు. రత్నాబాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా కొడుకు నాకొచ్చిండు," అంది.

విక్కీ ఫోన్ కలవక ఆ సాయంత్రం సాక్షి దర్శన ఫోన్‌కు చేసింది. ఫోన్ మోగుతుంటే అతను దాన్ని వింతగా చూశాడు తప్ప తీయలేదు. రత్నాబాయి తీసి, "వాడు నీతోటి మాట్లాడడంట" అని చెప్పి పెట్టేసింది. అతని జుట్టు ఎంత తుడిచినా ఆరలేదు. పరుచుకున్న చాప కింద తేమ చేరింది. గదిలో తూడు కుళ్ళిన వాసన... అగరుబత్తి వెలిగించినా పోలేదు.

అతను నిద్రపోయాక దర్శన తల్లిని గది మూలన గిన్నెలు కడిగే మోరీ దగ్గరికి పిలిచి కెమెరా చేతిలో పెట్టింది. ఒక్కొక్క ఫొటో జరిపి చూపించింది. బాతులు. రెక్కలు. రెక్కల సందులో ఆకుపచ్చ చీర. ఆఖరి ఫొటో విక్కీ ముఖం, ముక్కు దాకా నీళ్ళు, ఇటే చూస్తున్న కళ్ళు.

రత్నాబాయి చాలాసేపు చూసింది. వేలితో ఆ ముఖాన్ని ఒకసారి తడిమింది. తర్వాత కెమెరా మూత తెరిచి కార్డు బయటికి లాగి, వక్కలు కత్తిరించే అడకత్తెర తెచ్చి, దాని మధ్య పెట్టి నొక్కింది.

టక్కుమంది.

"అమ్మా! వాడు విక్కీ కాదే..."

"మెల్లగ," అంది రత్నాబాయి గుసగుసగా. "లేస్తడు. నాకు తెల్వదనుకున్నవా? కన్నదాన్ని."

"మరి?"

"వాడు నన్ను ఒదిలిపెట్టి పోయేటోడు. వీడు పోడు." కార్డు ముక్కలు మోరీలో వేసి చెంబెడు నీళ్ళు పోసింది. "ఇంటికొచ్చిన పిల్లగాన్ని ఎల్లగొడ్తనా?"

మంగళవారం పోలీసుల నుంచి ఫోన్ వచ్చింది. చెరువులో ఒక శవం తేలింది, జేబులో ఆధార్ కార్డు ఉంది, ఇంట్లోవాళ్ళు వచ్చి గుర్తుపట్టాలి. దర్శన ఫోన్ మీద చెయ్యి పెట్టి తల్లివైపు చూసింది. రత్నాబాయి అతనికి తల దువ్వుతోంది. దువ్వెన పళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"మావోడు ఇంట్లనే ఉన్నడని చెప్పు," అంది దువ్వడం ఆపకుండా. "బండిల జేబు కొట్టిండ్రని చెప్పు. ఆ సచ్చినోడు దొంగ."

"నేను చెప్పలేను."

"చెప్పకుంటే ఈ గదిల నీకు జాగ లేదు. మొగుడు ఎల్లగొట్టిననాడు తలుపు తీసింది నేను. యాది పెట్టుకో."

దువ్వెన కింద అతను దర్శనను చూసి నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. అందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

ఆస్పత్రి వెనకవైపు గదిలో ఇనుప బల్ల మీద గుడ్డ కప్పి ఉంది. అక్కడి ఉద్యోగి ముసలాయన, మెత్తటి మనిషి. ఊపిరి గట్టిగా పీల్చకమ్మా అని మరాఠీలో చెప్పి గుడ్డ తీశాడు. నీళ్ళలో ఉబ్బినా పోల్చుకోలేని ముఖం కాదది. పెదవి పగులు అలాగే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. చెరువు అవతలి నుంచి చూసినప్పటి చూపే.

"మీ తమ్ముడేనా?"

దర్శనకు గోడవైపు తిరిగి కూర్చున్న తల్లి గుర్తొచ్చింది. మొగుడు వెళ్ళగొట్టాక సందూకు పెట్టె పట్టుకుని గ్యాలరీలో నిలబడ్డ రోజు గుర్తొచ్చింది. తిరిగి ఎక్కడికి పోవాలి?

"కాదు," అంది. "మా తమ్ముడు ఇంట్లో ఉన్నాడు. వీడెవడో... దొంగ."

అన్నాక ఆ ముఖం వైపు చూడలేకపోయింది. ముసలాయన గుడ్డ కప్పాడు. "పోనీలెండి, ఇతనికీ ఎవరో ఉన్నట్టున్నారు. తన కొడుకేమోనని ఒకావిడ పొద్దున్నుంచి బయట కూర్చుని ఉంది. మీరు చూశాక లోపలికి రమ్మన్నాం," అన్నాడు.

దర్శన బయటికి వచ్చింది. వరండాలో పొడుగాటి బల్ల. బల్ల చివర ఆకుపచ్చ చీర కట్టుకున్న మనిషి. నూనె రాసి బిగించి దువ్విన తల. ముక్కుకు రెండువైపులా పుల్లలు.

దర్శనకు అడుగు పడలేదు.

"కాదన్నవా బిడ్డా?" అని అడిగింది ఆ మనిషి. పాలమూరు యాస. గొంతులో ఆయాసం, చాలా దూరం నడిచి వచ్చినట్టు. "మంచిది. ఇగ ఈ పిల్లగాడు నాకే."

దర్శన గోడకు ఆనుకుంది. ఆ మనిషి ఇంకా చెప్పింది.

"మావాన్ని మంచిగ చూస్కోండ్రి. బతిమాలి పెడ్తెనే తింటడు. చీకటంటే భయం వానికి... పక్కల ఎవరన్న పండాలె."

లోపలి నుంచి ముసలాయన పిలిచాడు. ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది. తలుపు దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగింది. రవికె కొలత తీసుకునేవాళ్ళు చూసినట్టు దర్శనను భుజాల నుంచి నడుము దాకా నిదానంగా చూసింది.

"మావాని అక్క ఇంకా నీళ్ళల్లనే ఉన్నది," అంది.

తలుపు మూసుకుంది.

దర్శన ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు. రోడ్డు మీద మిట్టమధ్యాహ్నపు ఎండ, రిక్షాల హారన్లు, చెరకు రసం బండి గంటలు. తల్లికి చెప్పాలి. ఫోన్ తీసి వేలు పెట్టింది. తెర కదల్లేదు. ఇంకో వేలు పెట్టింది. బొటనవేలు పెట్టింది. ఫోన్ ఆమె వేలిని గుర్తుపట్టలేదు.

చెయ్యి కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది.

వేళ్ళ కొసలన్నీ తెల్లగా పాలిపోయి, ముడతలు పడి ఉన్నాయి... రోజుల తరబడి నీళ్ళలో నానినట్టు.

చున్నీకి తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. ఎండలో పట్టుకుని నిలబడింది.

ముడతలు పోలేదు.