ముక్కులో సీసం

లిండ్‌క్విస్ట్‌ను చంపడానికి వాళ్లు పామును వాడారు.

మొహావీ ఎడారిలో గిలకపాము కాటు వింతేమీ కాదు. ఎండిపోయిన సరస్సు ఒడ్డున, కారులో స్టీరింగ్ మీద తల వాల్చి, చెయ్యి మోచేతి దాకా వాచిపోయి పడి ఉన్న ఇంజనీరును చూసి డాక్టర్ వెంటనే సర్టిఫికెట్ రాసిచ్చేశాడు. వారెన్ టీగ్ మాత్రం శవం చొక్కా చేతులు పైకి మడిచాడు. రెండు మణికట్ల మీదా తాడు ఒరుసుకున్న గుర్తులున్నాయి. కట్టేసి కరిపించి, ప్రాణం పోయేదాకా పక్కనే కూర్చుని, ఆ తర్వాత తాపీగా కట్లు విప్పి వెళ్లిపోయారన్నమాట.

టీగ్ గూఢచారి. ఆరు వారాలుగా ఆ వైమానిక స్థావరంలో పారాచూట్లు మడతపెట్టే పనివాడి వేషంలో ఉన్నాడు. అతను కాపలా కాస్తున్నది ఎల్-9 అనే విమానానికి. దానికి రెక్కల్లేవు. మొద్దు ముక్కు, ఉబ్బిన పొట్ట, వెనక మూడు తోకలు. ఆ పొట్ట ఆకారమే దాన్ని గాలిలో నిలబెడుతుంది. అంతరిక్షం నుంచి తిరిగొచ్చే వేడికి మామూలు రెక్కలు మాడిపోతాయి. రెక్కలే లేని వాహనంలో మనిషి, పారాచూట్‌తో సముద్రంలో పడకుండా, నేరుగా నేల మీద దిగగలడా? 1967లో అక్కడి జనమంతా చెమటోడుస్తున్నది ఆ ఒక్క ప్రశ్న కోసమే. ఆ విమానం ఎప్పుడు ఏ పక్కకు దొర్లుతుందో లెక్కలు కట్టినవాడు లిండ్‌క్విస్ట్.

ఆ సాయంత్రం పై అధికారి ప్రూయిట్ టీగ్‌ను పిలిపించి, శత్రు ముఠా పంపిన సందేశం ఒకటి దొరికిందని చెప్పాడు. అందులో ఉన్నది మూడే మాటలు: శుక్రవారం పక్షి దిగదు. శుక్రవారం పది గంటలకు ఎల్-9ను బాంబర్ రెక్క కింద నుంచి గాలిలో వదలాలి. ఆపేద్దామన్నాడు టీగ్.

"పైలట్లు మనకు పదకొండు మంది ఉన్నారు. ముఠా వాడే రహస్య లిపి, ఆ సైఫర్, మన చేతికి చిక్కింది ఒక్కటే. ఇప్పుడు ఆపితే రేపే మార్చేస్తారు" అన్నాడు ప్రూయిట్.

"దాన్ని నడపబోయే హెండ్రీకైనా చెబుదామా?"

"చెబితే భయపడతాడు. భయపడినవాడు సరిగా నడపలేడు."

మరీ తప్పనిసరైతే రేడియో చెడిపోయిందన్న నెపంతో ఆపడానికి హెండ్రీతో ఒక కోడ్ వాక్యం ఏర్పాటు చేశాడు: కాఫీ చల్లారింది. దాంతోపాటు ఒక కవరు ఇచ్చాడు. లోపల ఏముందో చూశాక టీగ్‌కు దాన్ని మళ్లీ మూయడానికి కొంత సమయం పట్టింది.

శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు టీగ్ ఊళ్లో ఇర్మ్‌గార్డ్ ఫోస్లర్ ఇంటి తలుపు తట్టాడు. లెక్కల విభాగంలో గ్రాఫులు గీసే ఆ జర్మన్ అందగత్తె కోసం సగం మంది పైలట్లు శనివారాల డ్యాన్సు మానకుండా వెళ్లేవాళ్లు. ముఠా మనిషిగా నటిస్తూ, ప్రూయిట్ ఇచ్చే తప్పుడు అంకెలను రెండేళ్లుగా ముఠాకు చేరవేస్తున్నది ఆమే. వాటి కింద అసలు అంకెలు కూడా పెట్టి పంపుతోందని లిండ్‌క్విస్ట్ కనిపెట్టిన మర్నాడే చచ్చిపోయాడు.

ఆమె నవ్వుతూ కాఫీ పోసింది. ఫోన్ తీగ కత్తిరించి ఉంది. ఎంత కొట్టినా నోరు విప్పనని, తమ్ముడు డీటర్ తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్‌లో ముఠా చేతుల్లో ఉన్నాడని, వాడు బతికున్నంత కాలం తనను అడిగి లాభం లేదని ముందే చెప్పేసింది.

టీగ్ కొట్టలేదు. కవరు తీసి ఫోటో బల్ల మీద పెట్టాడు.

ఫోటోలో డీటర్ ఒక దూలానికి వేలాడుతున్నాడు.

ఆమె ఏడవలేదు. చాలాసేపు ఫోటోకేసి చూసి, "చెప్పులు కూడా లేవు. వాడికి చలికి కాళ్లు పగులుతాయి" అంది. ఆ తర్వాత గోడ గడియారం చూసింది. పదికి నాలుగు నిమిషాలుంది.

"ముక్కులో సీసం దిమ్మలుంటాయి కదా, బరువు సరిచూడ్డానికి" అంది. "నిన్న తూకం వేశాక తీసేశారు. రంగు వేసిన చెక్కముక్కలు పెట్టారు. విడిచిపెట్టగానే ముక్కు లేస్తుంది, పల్టీ కొడుతుంది. ఆ ఎత్తులో పైలట్ బయటికి దూకినా బతకడు."

టీగ్ కారులోకి పరిగెత్తి, టిఫిన్ డబ్బాలో దాచిన రేడియో తెరిచాడు. నలభై అయిదు వేల అడుగుల ఎత్తున, బాంబర్ రెక్క కింద వేలాడుతూ హెండ్రీ లెక్కపెడుతున్నాడు. అయిదు. నాలుగు.

"కాఫీ చల్లారింది. మళ్లీ చెబుతున్నా, కాఫీ చల్లారింది."

రెండు దగ్గర లెక్క ఆగింది. రేడియోలో గరగర తప్ప ఏమీ వినబడలేదు.

"మంచివాడివయ్యా నువ్వు" అంది హెండ్రీ గొంతు చివరికి. "గంటన్నర నుంచి ఇక్కడ గడ్డకట్టి చస్తున్నా. స్విచ్ మీద వేలు పెట్టాక గుర్తొచ్చానా?"

బాంబర్ దాన్ని అలాగే మోసుకుని దిగింది. ముక్కు విప్పితే బూడిదరంగు పూసిన ఆరు దేవదారు దిమ్మలు బయటపడ్డాయి. వాటిని పెట్టిన పెయింటర్ గేటు దగ్గర దొరికాడు గానీ, బేడీలు పడేలోపే నోట్లో దాచుకున్న విషపు గొట్టం కొరికి కూలిపోయాడు.

సైఫర్ మీద ముఠాకు అనుమానం రాకూడదు. అందుకని ఇర్మ్‌గార్డ్ తనంతట తానే వచ్చి గుట్టంతా చెప్పేసిందని ప్రూయిట్ బయట పుకారు పుట్టించాడు. పత్తొమ్మిది రోజుల తర్వాత బెర్లిన్ నుంచి కేబుల్ టెలిగ్రాం వచ్చింది. అప్పటిదాకా లైప్‌జిగ్ జైల్లో క్షేమంగా ఉన్న డీటర్ ఫోస్లర్‌ను ముందురోజు తెల్లవారుజామున ఉరి తీశారు.

టీగ్ ఆ కాగితం తీసుకెళ్లి ప్రూయిట్ ముందు పెట్టాడు. ఫోటో మన స్టూడియోలో తయారైందని, మనం అబద్ధం చెప్పబట్టే ఆమె నోరు విప్పిందని, ఆమె నోరు విప్పిందన్న మాట పాకబట్టే వాడు చచ్చాడని అన్నాడు. ఇప్పుడు ఆమెకు ఏమని చెప్పాలని అడిగాడు.

ప్రూయిట్ కేబుల్‌ను రెండుసార్లు చదివి, ఫైలులో పెట్టి, ట్యాగు బిగించాడు.

"కొత్తగా చెప్పేదేముంది? ఆమెకు తెలిసిందేగా" అన్నాడు. "నువ్వూ బెంగపెట్టుకోకు. మనం అబద్ధమేమీ చెప్పలేదు టీగ్. కాస్త ముందుగా చెప్పాం, అంతే."