పెద్దాయన కళ్లు

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనే మా శిల్పాల షెడ్డు. దేవుళ్లను చెక్కుకునే నాకు బతికున్న మనిషిని చెక్కడం సుతరామూ ఇష్టం లేదు. కానీ ఈ ఊరిని గుప్పిట్లో పెట్టుకున్న పెద్దాయన విగ్రహం కావాలని ఆయన మనుషులు వచ్చి నిలబడితే కాదనే దమ్ము ఇక్కడ ఎవరికుంది? చూపుడువేలు చాచిన నిలువెత్తు నల్లరాయి. కళ్లు మాత్రం తెరవలేదు. ప్రతిష్ఠ రోజే ఉలితో కళ్లు తెరవడం మా ఆనవాయితీ.

మున్సిపల్ ఎన్నికలొచ్చాయి. మా వార్డులో ఆయన మనిషి మీద ఇద్దరే నామినేషన్ వేశారు. ఎదురింటి అబ్రహాము మాస్టారు, నా భార్య సరస్వతి.

మొన్న పొద్దున చూస్తే విగ్రహం వేలు మాస్టారి గుమ్మం వైపు ఉంది. దాన్ని గోడవైపు పెట్టించింది నేనే. కూలీలే తిప్పారని తిట్టాను. ఆ రోజు నంద్యాల వెళ్లిన మాస్టారు ఇంతవరకూ తిరిగి రాలేదు. ఆయన భార్య లూదియా పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతోంది.

ఈ మధ్యాహ్నం పెద్దాయన అనుచరుడు విష్ణువర్ధన్ వచ్చాడు. నామినేషన్లు వెనక్కి తీసుకోవడానికి రేపే ఆఖరని నవ్వుతూ గుర్తుచేశాడు. పోతూ రాతిముఖాన్ని తడిమాడు.

"కండ్లు బేగా తెరువన్నా. పెద్దాయన సూడాల్సినోళ్లు శానామంది ఉండారు."

దీపాలు పెట్టేవేళ వాన పట్టుకుంది. కరెంటు పోయింది. ఇద్దరం చీకట్లోనే అన్నం తింటున్నాం. తడి గోనెపట్టాల వాసన. షెడ్డులోంచి... టక్... టక్...

"యాడిదీ సద్దు?" సరస్వతి గొంతు తగ్గించింది.

ఎలుకలేమో అన్నాను. ఎలుకలు ఉలి పడతాయా అని నన్ను నేనే తిట్టుకున్నాను. షెడ్డు తాళంచెవి నా మొలతాడుకే ఉంది.

తాళం తీశాను. సరస్వతి సెల్‌ఫోన్ వెలుతురు వేసింది. విగ్రహానికి కప్పిన పట్టా జారి నేలమీద పడి ఉంది. వేలు మా ఇంటి గుమ్మం వైపు ఉంది. కళ్లు... తెరిచి ఉన్నాయి.

విష్ణువర్ధన్ ఎవడినో దొంగతనంగా పంపి చెక్కించాడనుకున్నాను. రెప్పల అంచు తడిమాను. గాట్లన్నీ ఎడమచేతి వాలు. ఈ ఊళ్లో ఎడమచేత్తో సుత్తి పట్టేవాణ్ణి నేనొక్కణ్ణే.

"నామినేషన్ ఎనక్కి తీసుకో," అన్నాను.

"తీసుకోను." మళ్లీ తనే అడిగింది. "అన్నం తింటా ఉంటే... నువ్వు నా పక్కనే ఉండావు గదా?"

ఉన్నానన్నాను.

ఆమె వెలుతురును నా ఎడమచేతి మీదికి తిప్పింది. గోళ్ల సందుల నిండా తడి రాతిపొడి.

సరస్వతి నాకు దూరంగా, కుడివైపుకి జరిగింది. నా వెనక రాయి గరగరమంటూ... అటే తిరిగింది.