వీరవేణి దీపం నూనె

పెద్దాపురం అవతల షెడ్డులో మా అల్లుడు దుర్గాసాయి, బజ్జీల కొట్లలో వాడేసిన నూనెతో డీజిలు చేస్తాడు. నూనె వడగట్టడం, సీసాలకు చీటీలు రాసి అంటించడం నా పని. అరవై దాటాక నాకు అక్షరాలు నేర్పింది పక్కింటి వీరవేణి. నేను వంకరగా రాస్తే ఏమీ అనేది కాదు, దాని మీదే మళ్లీ దిద్దేది.

ఆవిడ పోయింది. ఒక్కతే కూతురు, నాగదుర్గ. నిండు నెలల మనిషి చావింట్లో ఉండకూడదని అత్తవారు తీసుకుపోయారు. వెళ్తూ ఇంటి తాళంచెవి, నువ్వుల నూనె డబ్బా నా చేతిలో పెట్టింది. పదో రోజు దాకా అమ్మ తల పెట్టిన చోట దీపం కొండెక్కకుండా చూడమంది.

ఆరో రోజు వడగడుతుంటే చెయ్యి జారి షెడ్డు నూనె ఒలికిపోయింది. అల్లుడు నన్ను ఒక్క మాట కూడా అనడు. అదే నాకు సిగ్గు. లోటు తెలియకుండా ఆ నువ్వుల నూనె తెచ్చి డ్రమ్ములో పోసేశాను. దీపానికి రేపు కొందాంలే అనుకున్నాను. మర్నాడంతా వాన. సాయంత్రం నాగదుర్గ ఫోను.

"వెలుగుతోందా పెద్దమ్మా?"

"వెలుగుతోందమ్మా."

ఆ ఇంటి వైపు వెళ్లడానికి మొహం చెల్లలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం మబ్బుకి షెడ్డంతా చీకటి. కరెంటు లేదు. కొత్త డీజిలు పరీక్ష చెయ్యమని నాకు చెప్పి అల్లుడు బయటికెళ్లాడు. సీసాలో సగం డీజిలు, సగం నీళ్లు పోశాను. మూత బిగించి, తేదీ రాసిన చీటీ అంటించి కుదిపాను. పాలలా తెల్లబడింది. కాసేపటికి నీళ్లు కిందికి, డీజిలు పైకి తేరాలి. రేకుల మీద వాన చప్పుడు వింటూ కూర్చున్నాను.

తేరింది... అప్పుడొచ్చింది వాసన. అప్పుడే ఆరిన వత్తి వాసన.

సీసా లోపల గాజుకి మసి. మూత బిగించే ఉంది. పైన డీజిలు తగ్గుతోంది... నా కళ్లముందే. నీళ్లు మాత్రం కదల్లేదు.

"తప్పయిపోయింది వీరవేణీ" అని గొణిగాను.

సీసా అక్కడే వదిలేశాను. కొట్లో నూనె కొనుక్కుని తడుస్తూ వీరవేణి ఇంటికి పరుగెత్తాను. తాళం నేను వేసినట్టే ఉంది. తీశాను.

దీపం వెలుగుతోంది.

ప్రమిద నిండా నూనె. వేలు ముంచి వాసన చూశాను. నువ్వులది కాదు. మా షెడ్డు డీజిలు.

నడుం దగ్గర ఫోను మోగింది.

"వెలుగుతోందా పెద్దమ్మా?"

ఈసారి అది నిజం. చెప్పబోతూ దీపం వైపు చూశాను. ప్రమిద పక్కన ఏదో తెల్లగా కనబడింది. వంగి చూశాను. ఇందాక షెడ్డులో సీసాకి అంటించిన చీటీ. పొడిగా ఉంది. దాని మీద నా వంకర అక్షరాలు.

వాటి మీద ఎవరో మళ్లీ దిద్దారు... మసితో.