స్టీమర్స్ జంట సీట్లు

"ఒక్క సీటు చాలు మహానుభావా, రెండు నేనేం చేసుకోను?"

"జంటగానే అమ్ముతున్నాం అమ్మాయ్. నీకో రూలు, ఊరికో రూలు పెట్టమంటావా?"

ఒక్క సీటు అడుగుతున్న ఆ గొంతు వినగానే నా కాళ్ళు ఆగిపోయాయి. పన్నెండేళ్ళయినా గుర్తుపట్టడానికి అరక్షణం పట్టలేదు. నోరీన్.

పాత ఆటల హాలు పడగొట్టేలోపు స్టీమర్స్ బాస్కెట్‌బాల్ జట్టు సామాన్లన్నీ అమ్మేస్తున్నారని తెలిసి ఊరు ఊరంతా వచ్చింది. మూడు రంగుల బంతులు, ఆటగాళ్ళ జాకెట్లు, స్కోరు బోర్డు మీది అంకెలు, ఏది ముట్టుకున్నా ఇద్దరు ముగ్గురు కొట్టుకుంటున్నారు. నేను వాటి జోలికి పోలేదు. నాకు కావలసింది పదకొండో నంబరు సీటు. నాది పన్నెండు. పదకొండు నోరీన్‌ది. మనిషి ఎలాగూ దొరకలేదు, కనీసం కుర్చీ అయినా దక్కించుకుందామని వచ్చాను.

స్టీమర్స్ పుట్టినప్పుడు మాకు తొమ్మిదేళ్ళు. ఒహాయో నదికి ఇటు మా ఇల్లు, అటు కెంటకీలో వాళ్ళిల్లు. రెండిళ్ళలోనూ సీజన్ టికెట్లు కొనడంతో మా సీట్లు పక్కపక్కన పడ్డాయి. మొదట్లో ఆ జట్టును పట్టించుకున్నవాడు లేడు. అయిదు బ్రెడ్ కవర్లు తెస్తే టికెట్ ఊరికే ఇచ్చేవాళ్ళు. మా సెంటర్ ఆటగాడు వేసవంతా ఫర్నిచర్ షాపులో సోఫాలు అమ్మేవాడు. ఐస్ హాకీ కోసం గడ్డకట్టించిన మంచు మీదే చెక్కలు పరిచి కోర్టు వేసేవాళ్ళు కాబట్టి కింద నుంచి చలి కాళ్ళకు పాకేది. నోరీన్ వాళ్ళమ్మ తెచ్చిన దుప్పటి మా ఇద్దరి మోకాళ్ళ మీదా కప్పేది. ఆ దుప్పటి కింద కూర్చుని ఎన్ని ఆటలు ఓడిపోయినా నాకు బాధ అనిపించలేదు.

ఆఖరి ఏడాది నా మనసులో మాట చెప్పేద్దామనుకున్నాను. నోరు పెగల్లేదు. వచ్చే సీజన్‌లో చెబుదాంలే అనుకున్నాను. ఆ వేసవిలోనే మా జట్టు ఆడే లీగ్ మూతపడింది. పెద్ద లీగ్ కొన్ని జట్లను కలుపుకుని మా స్టీమర్స్‌ను వద్దంది. నోరీన్ నర్సు చదువుకు ఎక్కడికో వెళ్ళిపోయింది. మాకున్న పరిచయమల్లా ఆ రెండు సీట్లే, అవీ పోయాయి.

"గ్లెన్?" ఆమె వెనక్కి తిరిగింది. "నువ్వేనా? అచ్చం అలాగే ఉన్నావే, జుట్టు తప్ప."

"నువ్వూ అంతే, నోరు తప్ప. అది ఇంకా పెరిగింది."

నవ్వింది. నేను ముందు ఆమె వేలు చూశాను. ఉంగరం లేదు. అయితే నర్సులు డ్యూటీకి ఉంగరాలు తీసేస్తారని మా అక్క ఎప్పుడో చెప్పింది.

"సీటు కోసమే వచ్చావా?" అంది.

"ఊ."

"ఆ చెక్కముక్క మీద నీకంత ప్రేమేంటి? ఆటలో సగం నిద్రపోయేవాడివి."

"ఒక్కసారి. అదీ జ్వరం వచ్చి."

"నా భుజం మీద పడి గురక పెట్టావు."

ఆ రోజు నేను నిద్రపోలేదు. గురక కూడా దొంగ గురకే. ఆ మాట ఇప్పుడు చెప్పడం ఎలాగో తెలియక తల గోక్కున్నాను.

సీట్లు అమ్ముతున్న పెద్దాయన హర్షెల్ విసుక్కున్నాడు. "చూడండి, రెండు సీట్లకూ కలిపి కాళ్ళు మూడే. మధ్యకాలు ఇద్దరిదీ. విడదీస్తే ఒకటి నిలబడుతుంది, రెండోది ఒరిగిపోతుంది. పోనీ తలో సీటూ తీసుకుంటామంటే కోసిస్తాను. మధ్యకాలు ఎవరికి?"

"ఆవిడకివ్వండి," అన్నాను.

"వద్దు, అతనికే ఇవ్వండి," అంది నోరీన్.

"నాది గోడకు ఆనించుకుంటాలే."

"గోడలు మా ఇంట్లోనూ ఉన్నాయి."

"మీ మర్యాదలతో నా ప్రాణం తీయకండి," అని హర్షెల్ రంపం అందుకున్నాడు. "తలా ఒకటి. పదకొండు అమ్మాయికి, పన్నెండు ఈ అబ్బాయికి. అంతేనా?"

"కాదు," అన్నాం ఇద్దరం ఒకేసారి.

హర్షెల్ చేతిలో రంపం ఆగింది. నోరీన్ నా వంక చూసింది. ఇక తప్పించుకునే దారి లేదు.

"నాకు పదకొండు కావాలి," అన్నాను.

"పదకొండు నాది కదా?"

"తెలుసు."

"తెలిసే అడుగుతున్నావా?"

"తొమ్మిదేళ్ళు ఆ సీటు వైపే చూశాను నోరీన్. ఏ ఆటలో ఎవరు గెలిచారో అడుగు, ఒక్కటీ చెప్పలేను. నువ్వంటే నాకు అప్పుడూ ఇష్టమే, ఇప్పుడూ ఇష్టమే. నీకు పెళ్ళయిపోయి ఉంటే ఏమీ అనుకోకు, పన్నెండు తీసుకుని వెళ్ళిపోతాను."

నా మొహం కందగడ్డలా అయిపోయి ఉంటుంది. పక్కన జాకెట్ల దగ్గర కొట్టుకుంటున్నవాళ్ళు కూడా మా వైపు తిరిగారు. చివరికి ఆమె హర్షెల్‌తో అంది, "ఇందాకటి నుంచీ నేను ఏ సీటు అడుగుతున్నానో ఈయనకి కాస్త చెప్పండి."

"పన్నెండు," అన్నాడు హర్షెల్. "పన్నెండొక్కటే ఇవ్వమని నా బుర్ర తినేస్తోంది. మీ గొడవలో పడి ఇందాక నేనే తారుమారు చేశాను."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"అది నా సీటు," అన్నాను ఎట్టకేలకు.

"నాకూ తెలుసులే. పెళ్ళయి ఉంటే మా ఆయనకి ఏం చెప్పి నీ కుర్చీ ఇంట్లో పెట్టుకుంటాను, మొద్దూ?" ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఎన్నేళ్ళు ఎదురుచూశాను. ఒక్క ముక్క చెప్పావా?"

"ఇప్పుడు చెప్పానుగా."

"ఊరందరి ముందూ."

అయినా నా చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

హర్షెల్ రంపం కింద పెట్టి, నుదురు తుడుచుకున్నాడు. "మరి కోయక్కర్లేదుగా? సరే. లారీ ఎక్కిస్తాను. ఎవరింటికి పంపమంటారు? నదికి ఇటా, అటా?"

"అది ఇంకా తేల్చుకోవాలి," అంది నోరీన్. "ఇల్లు మాత్రం ఒకటే."